మైదాకు అని రాయి

గద్వాలలో ఎవరైనా నా ముందర కూర్చుని "తేజాబులో ఇనుమును మైదాకు కాపాడుతుందని గోవర్ధన్ సార్ కనిపెట్టిండు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. సార్ మంచివాడే. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఆయన కింద పదకొండేళ్ళు అటెండరుగా చేశాను, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ కనిపెట్టింది ఆయన కాదు. ఆయన తూకం వేశాడు, అంతే. కనిపెట్టిన మనిషి పన్నెలు కట్టే రజియాబీ. ఆమె అబద్ధాలకోరని ఊరంతా వారం రోజులు అనుకోవడానికి కారణమైన మనిషి ఒకడున్నాడు. వాడి పేరు భీమన్న. ఇది రాస్తున్నది వాడే.

మగ్గం చూడనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. పన్నె అంటే మగ్గానికి అడ్డంగా ఉండే పొడుగాటి దువ్వెన. దానికి వందల కొద్దీ సన్నని ఉక్కు పళ్ళు. ఒక్కో సందులోంచి పడుగు దారాలు దూరుతాయి, నేసేవాళ్ళు దాన్ని ముందుకు లాగి కొడితే పోగు గట్టిగా కూర్చుంటుంది. గంజి తడికి, వానాకాలపు చెమ్మకు ఆ పళ్ళు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన పన్ను పట్టుదారాన్ని గీకేస్తుంది. అందుకని అప్పుడప్పుడు పన్నె విప్పి, పళ్ళను తేజాబు నీళ్ళలో వేసి తుప్పు వదిలించి, మళ్ళీ కట్టాలి. పుస్తకాల్లో ఆమ్లం అని రాసేదాన్నే మా వైపు తేజాబు అంటారు. దానితో వచ్చిన చిక్కేమిటంటే తుప్పు తిన్నాక అది ఆగదు. కింద ఉన్న ఇనుమునూ తింటుంది. పన్ను పలచబడి, చీర సగంలో ఉండగా పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన పక్కనున్న పోగులన్నిటినీ కోస్తుంది.

రజియాబీ కడిగిన పళ్ళు అట్లా విరిగేవి కావు. ఆమె భర్త సుభాన్‌ది తాతల నాటి నుంచి పన్నెలు కట్టే పని. చూపు మందగించి ఆయన అరుగు మీదికి చేరాక పనంతా ఆమె చేతికి వచ్చింది. పుట్టిల్లు తెలకపల్లి. తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పోసేవాడు, ఇనుప బాండీల తుప్పు కూడా వదిలించి ఇచ్చేవాడు. ఆయన తేజాబు కుండలో ఆమె తల్లి మైదాకు నానబెట్టిన నీళ్ళు కలిపేదట. కారణం అడిగితే రజియాబీ చాలా మామూలుగా చెప్పేది.

"తేజాబుకు వేడెక్కువ. మెహందీ సలువ. మనిషికి వేడి చేస్తే అరికాళ్ళకు పెట్టమా? గట్లనే."

ఆమె పని చూడడానికి భలే ఉండేది. ఎండబెట్టిన ఆకును నానేసి, మర్నాడు వడగట్టిన నీళ్ళను పింగాణీ తొట్టిలోని తేజాబులో కొంచెం కొంచెంగా పోసేది. కొలత గ్లాసు లేదు. పళ్ళు వేసి చెవి దగ్గరగా పెట్టి వినేది. తేజాబు ఇనుమును తింటుంటే సన్నగా బుసబుసమంటుంది. ఆ చప్పుడు అణగేదాకా ఆకు నీళ్ళు పోసేది. "ఇగ మాట్లాడతలేదు" అంటే సరిపోయిందని అర్థం. తర్వాత సున్నపు తేట నీళ్ళలో కడిగి, వరి ఊకలో దొర్లించి, కొబ్బరినూనె గుడ్డతో ఒక్కో పన్నూ తుడిచేది. తొందరపెట్టినవాళ్ళకు ఒకటే జవాబు.

"తొందరుంటే పోయి బస్సెక్కు. నా నెత్తినెక్కకు."

పేటలో ఆమె నోటికి అందరూ జంకేవాళ్ళు. అయినా పన్నెలు ఆమె గడపకే వచ్చేవి.

పంతొమ్మిది వందల తొంభై ఎండాకాలంలో గొడవ మొదలైంది. నేతగాళ్ళ సంఘానికి పెద్ద బాలకిష్టయ్య. ఆయనకు సొంతంగా పద్నాలుగు మగ్గాలు. వాటిలో ఒకదాని మీద పెండ్లి చీర నేస్తుండగా పన్నె పళ్ళు నాలుగు ఒకేసారి విరిగి పడుగు తెగింది. మర్నాడు సంఘం షెడ్డులో అందరి ముందరా ఆయన ఆ పన్నెను పైకెత్తి చూపించాడు.

"తేజాబుల ముంచి ముంచి పండ్లను కాయితం లెక్క జేసింది. ఇన్ని ఆకులేసి మనకు మంత్రాలు జెప్తుంది. ఇయ్యాల్టి సంది ఒక్క పన్నె గూడ ఆ గడప తొక్కద్దు. కొత్తయి తెప్పిద్దాం."

రజియాబీ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కిష్టయ్యన్నా, ఆ పన్నె ఇటియ్యి. చూస్త."

"చూసేదేముంది? తెగిన పడుగు అందరికి కనపడుతుంది."

ఇవ్వలేదు. ఆమె గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా చివరి మగ్గం దాకా వినిపించింది. "నా తేజాబు తుప్పును తింటది, ఇనుమును ముట్టది. గది అబద్ధమని తేల్చు. తేలిన నాడు నా తొట్టి నేనే పగలగొట్టుకుంట, మళ్ళ పన్నె ముడితే అడుగు."

అప్పుడు ఎవరో గోవర్ధన్ సార్ పేరు ఎత్తారు. సార్‌ది తెనాలి వైపు. ఎం.ఫిల్. కోసం సరిగ్గా ఈ సంగతే పట్టుకున్నాడు: ఆమ్లంలో ఉక్కు కరగకుండా ఏ ఆకు, ఏ బెరడు కాపాడుతుంది అని. అంతకు నెల ముందే నేను ఆయన్ను రజియాబీ ఇంటికి తీసుకుపోయాను. తేజాబుకు సలువ చేస్తుందన్న మాటకు ఆయన నవ్వాడు, అయినా అంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమె మెహందీ అంది. ఆయన గోరింటాకు అని రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి వాళ్ళింటి మేకను చూస్తున్నాను.

కాలేజీ సార్ తూకం వేసి ఎట్లా చెబితే అట్లా అని బాలకిష్టయ్య ఒప్పుకున్నాడు. రజియాబీ కూడా ఒప్పుకుంది. "ఇనుముకు నా మీద పగ లేదు. తూకమెయ్యిండ్రి" అంది.

సార్ నన్ను పిలిచి, "భీమన్నా, గోరింటాకు కావాలయ్యా. నీడలో ఎండబెట్టి, మెత్తగా దంచి తీసుకురా" అన్నాడు. మా సొంత ఊరు వడ్డేపల్లి దగ్గర. ఇంటి వెనక కంచె నిండా గోరింట చెట్లే, పసుపు పూలు, సూదుల్లాంటి ముళ్ళు. వాటి ఆకు ఇంత బస్తాడు కోసుకొచ్చాను. ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు వాచాయి కూడా. చేతులు ఎర్రగా పండించే ఆకును మేము గోరింట అనం. మైదాకు అంటాం. సార్ వాళ్ళ వైపు దాన్నే గోరింటాకు అంటారని అప్పుడు నాకు తెల్వదు. ఆడవాళ్ళు చేతులకు పెట్టుకునే ఆకు ఉక్కుకు పనికొస్తుంటే సార్ ఈ గోరింటను ఎందుకు అడిగాడని ఒక్క నిమిషం అనుమానమైతే వచ్చింది. అడగలేదు. అడిగితే సార్ నన్ను తెలివితక్కువవాడి కింద జమకట్టేస్తాడని భయం. ఆ భయం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

పరీక్ష సంగతి ఇది. అగ్గిపెట్టె అంత ఉక్కు రేకు ముక్కలను గరుకు కాగితంతో అద్దంలా రుద్దడం నా పని. సార్ వాటిని అద్దాల తలుపులున్న త్రాసులో తూచి, గాజు కొక్కేనికి కట్టి, ఒకటి ఉత్త తేజాబులో, ఒకటి ఆకు కషాయం కలిపిన తేజాబులో వేలాడదీసేవాడు. ఆరు గంటల తర్వాత తీసి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ తూచేవాడు. ఎంత బరువు తగ్గితే అంత ఇనుము కరిగిపోయినట్టు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ రెండు ముక్కలూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. సార్ మొహం చిన్నబోయింది. "పాపం, ఆవిడ చాలా నమ్మకంగా చెప్పింది" అంటూనే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని సంఘానికి మోసుకుపోయిందీ నేనే.

బాలకిష్టయ్య దాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. మర్నాటి నుంచి రజియాబీ వాకిట్లో పన్నె కనపడలేదు. సుభాన్ అరుగు మీద ఉత్త చేతులతో కూర్చుని దారిన పోయేవాళ్ళ అడుగుల చప్పుడు వింటుండేవాడు. నాలుగో నాడు బాలకిష్టయ్య మనిషి వచ్చి, "తొట్టి ఎప్పుడు పగలగొడతవని అడగమన్నడు" అన్నాడట. ఆమె ఏమందంటే, "అయిదు నిమిషాల పని అది. ముందుగాల కాలేజీకి పోయొస్త" అంది.

నేను పరీక్ష గొట్టాలు కడుగుతున్నాను. ల్యాబు గుమ్మంలో నల్ల బురఖా, చేతిలో గుడ్డసంచి. మా కాలేజీలోకి ఆ రోజు వరకు అట్లాంటి ఆడమనిషి పని మీద వచ్చి ఎరగదు. పిల్లలు కిటికీల దగ్గర మూగారు. ఆమె ముసుగు తీసి సార్‌తో, "సలాం సార్. మీరు ఏ ఆకు పోసిన్రో జర చూపిండ్రి" అంది.

సార్ సీసా ఇచ్చాడు. ఆమె వాసన చూసింది. పొడిని ఎడమ అరచేతిలో పోసుకుని, నీటిచుక్కలు వేసి ముద్ద చేసి అరచేయంతా పరిచింది. తర్వాత నా చేత సంచి విప్పించి, తన పొడిని తీయించి, కుడి అరచేతిలో అట్లాగే పెట్టించుకుంది. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

"గంట సేపు కూసుంట. ఆ ఫ్యాన్ ఇటు తిప్పు భీమన్నా."

"దీనివల్ల ఏం తెలుస్తుందమ్మా?" అన్నాడు సార్.

"చెయ్యి చెప్తది."

సార్ ఏ పరీక్ష చేసినా పోల్చి చూడడానికి పక్కన ఒక ఉత్త తేజాబు గ్లాసు పెట్టేవాడు. అది లేకపోతే పరీక్షే కాదనేవాడు. రెండు చేతులకు రెండు పెట్టుకోవాలని రజియాబీకి ఎవరూ నేర్పలేదు. గంట సేపు ఆమె కదలలేదు. ముక్కు మీద ఈగ వాలితే తల విదిలించింది తప్ప చెయ్యి ఆడించలేదు. గంట కొట్టాక కుళాయి కింద కడుక్కుని రెండు అరచేతులూ సార్ ముందర పెట్టింది. కుడి చెయ్యి కాలిన ఇటుక రంగులో పండింది. ఎడమ చెయ్యి వచ్చినప్పుడెట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఇది పండలే సార్. పండనిది మెహందీ ఎట్లయితది?"

సార్ నా వైపు తిరిగాడు. "భీమన్నా, నువ్వు తెచ్చింది ఏ ఆకు?"

"మీరు చెప్పిందే సార్. గోరింట. మా ఇంటి వెనకది."

"పసుపు పూలు, ముండ్లు ఉంటయి. గదేనా?" అంది రజియాబీ.

"గదే అక్కా."

"గోరింటాకుకు ముళ్ళేంటయ్యా, పసుపు పూలేంటి?" అంటూ సార్ కుర్చీలో కూలబడ్డాడు. "గోరింటాకు అంటే చేతులకు పెట్టుకునేది."

"అది మైదాకు సార్" అన్నాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అడగొచ్చు గద భీమన్నా" అంది. అంతే. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట ఇప్పటికీ నాకు సిగ్గు తెప్పిస్తుంది.

సార్ సెలవుల తర్వాత నిదానంగా మళ్ళీ చేద్దాం లెమ్మన్నాడు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. సంతకం పెట్టిన కాగితం ఊళ్ళో తిరుగుతోంది మరి. రజియాబీ లేవలేదు.

"కాయితం తొందరగ రాసిన్రు గద సార్, ఇది గూడ తొందరగనే కానియ్యిండ్రి. రేపు పొద్దున వస్త. నా ముందర చెయ్యిండ్రి."

మర్నాడు పదింటికి మొదలుపెట్టాం. ఆకు నీళ్ళు ఆమె రాత్రే నానబెట్టి తెచ్చింది. రేకు ముక్కలను నేను ఎన్నడూ రుద్దనంత శ్రద్ధగా రుద్దాను. రెండు గ్లాసుల్లో ముక్కలు దిగాయి. ఆమె ఒక్కో గ్లాసు దగ్గర చెవి పెట్టి వింది. "ఇది మాట్లాడుతుంది. ఇది మాట్లాడతలేదు. ఇగ మీరు తూకమేసుకోండ్రి" అని బల్ల దగ్గర కూర్చుని జపానికి తస్బీ పూసలు తిప్పుకుంది. ఆమెకు ఫలితం అప్పుడే తెలిసిపోయింది. మాకు తెలిసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఉత్త తేజాబులోది రెండు వందల పద్నాలుగు మిల్లీగ్రాములు పోగొట్టుకుంది. మైదాకు పోసినదాంట్లోది ఇరవై. సార్ త్రాసు తలుపు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ తూచాడు. ఇరవయ్యే.

ఆమె ఆ అంకెలు పట్టించుకోలేదు. రెండు ముక్కలనూ కిటికీ వెలుతురులో పెట్టి చూస్తోంది. ఉత్త తేజాబులోది తెల్లగా, గరుకుగా ఉంది. రెండోదాని మీద సన్నని గోధుమ ఛాయ ఉంది.

"ఇవి రెండు నాకియ్యిండ్రి. మీరు గూడ నడువుండ్రి, షెడ్డుకు" అంది.

"నేను కాగితం రాసిస్తానమ్మా."

"కాయితం ఆయన చదువుకుంటడు. నన్ను అన్నది నలుగురి ముందర, నలుగుట్ల. తీసేసుడు గూడ నలుగుట్లనే గావాలె."

వెళ్ళాం. మగ్గాలు ఆగాయి. సార్ నిలబడి "ఒక చిన్న పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టాడు. పొరపాటు దానంతట అది జరిగినట్టు ఉంది ఆ మాట. "పొరపాటు జరగలే. తప్పు ఆకు తెచ్చింది నేను. అడగకుండ తెచ్చిన" అన్నాను. సార్ "ఏ ఆకో చూడకుండా సంతకం పెట్టింది నేను" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. తూకం లెక్క కూడా చెప్పాడు.

బాలకిష్టయ్య తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఆకు సంగతి సరే సారూ. మరి నా పన్నె ఎట్ల ఇరిగింది?"

"ఆ దినం నేను అడిగింది గదే" అంది రజియాబీ. "పన్నె తే."

ఈసారి ఇవ్వక తప్పలేదు. ఆమె విరిగిన పన్ను ఒకటి ఊడదీసి, రెండు రేకు ముక్కల మధ్య పెట్టి అందరికీ కనపడేట్టు పట్టుకుంది.

"నా తొట్టిల మునిగిన ఇనుముకు నా మెహందీ రంగుంటది, సన్నగ. ఇది జూడుండ్రి. సున్నమోలె తెల్లగున్నది, గుంతలు పడ్డది. దీనికి ఉత్త తేజాబు తగిలింది. నా ఇంట్ల తగల్లే."

అప్పుడు ఆ మగ్గం మీద నేసే అలివేలు లేచి నిలబడింది. ఆమె బాలకిష్టయ్య దగ్గర పని చేసే మనిషి. నోరు విప్పితే మగ్గం పోతుందని ఆమెకూ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

"పెండ్లి చీర తొందరున్నదని ఇంట్లనే కడిగిన్రు. నేనే నీళ్ళు పట్టిచ్చిన. ఆకు ఎయ్యలె" అంది. ఎవరి మొహమూ చూడకుండా మళ్ళీ కూర్చుంది.

బాలకిష్టయ్య కండువా భుజం మార్చుకున్నాడు. "సరేలే అమ్మా. అయిపోయిందేదో అయిపోయింది. రేపటి సంది పన్నెలు పంపిస్త."

"నువ్వు పంపొద్దు" అంది రజియాబీ. "ఎవరి పన్నె వాళ్ళు తెచ్చుకుంటరు, వాళ్ళకు కాళ్ళున్నయి. నీది మాత్రం నువ్వు మోసుకరావాలె, నీ భుజం మీద, పట్టపగలు. ఇంకో మాట. అలివేలు మగ్గం మీద అలివేలే ఉండాలె. ఆమె లేసిన దినం నీ పద్నాలుగు మగ్గాలకు పన్నె కట్టేటోళ్ళను వేరే సూసుకో."

ఆయన నాలుగు రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం పేట వీధిలో పన్నె భుజాన వేసుకుని నడిచివచ్చాడు. తలుపుల వెనక నుంచి పేట పేటంతా చూసింది. నేనూ చూశాను, దాచడమెందుకు, ఆ రోజు సెలవు పెట్టి మరీ చూశాను. రజియాబీ తొట్టి దగ్గర నుంచి తల ఎత్తలేదు. "ఎప్పుడిస్తవమ్మా?" అని ఆయన అడిగితే, "తొందరుంటే బస్సెక్కు కిష్టయ్యన్నా" అంది. సుభాన్ అరుగు మీద నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అలివేలు ఆ మగ్గం మీదే నేసింది, ముసలితనం వచ్చి కళ్ళు కనపడకుండా పోయేదాకా.

రెండేళ్ళకు సార్ ఎం.ఫిల్. పుస్తకం తయారైంది. నీలం అట్ట, బంగారు అక్షరాలు. ఒక ప్రతి పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. ముందు పేజీలో కృతజ్ఞతల కింద ఆమె పేరు ఇంగ్లీషులో అచ్చయింది. సార్ దాన్ని వేలితో చూపించాడు. ఆమెకు చదువు రాదు. సంతోషించినట్టే కనపడింది గానీ ఎక్కువసేపు చూడలేదు.

"ఆకు పేరు ఎక్కడున్నది? ఏమని రాసిన్రు? భీమన్నా, చదువు."

వెతికి పట్టుకున్నాను. ఏదో లాటిన్ పేరు, దాని పక్కన ఇక్కడి పేరు. "గోరింటాకు అని ఉందక్కా."

"రెండూ ఒకటేనమ్మా" అన్నాడు సార్. "పైగా శాస్త్రీయ నామం ఇచ్చాం. దాంతో ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపడతారు."

ఆమె తొట్టిలో చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి పుస్తకం ముందర కూర్చుంది.

"సార్, రేపు ఇంకో సార్ ఇది చదువుతడు. చదివి, ఆకు కోసుకరానీకి తను పోతడా? భీమన్న అసొంటోన్ని పంపుతడు. భీమన్నకు మీ శాస్త్రం పేరు తెల్వదు. వాడు మళ్ళ కంచెల పొంటి పోయి ముండ్ల ఆకు తెస్తడు. మళ్ళ ఎవరో ఒకరి తొట్టి పగలగొట్టుమంటరు. నా పేరు కొట్టేసినా మంచిదే. మైదాకు అని రాయి."

సార్ జేబులోంచి పెన్ను తీసి, తను రాయకుండా నా చేతికిచ్చాడు.

ఆ పుస్తకం ఇంకా మా ల్యాబు బీరువాలోనే ఉంది. రజియాబీ లేదు, తొట్టి ఆమె కూతురి దగ్గర ఉంది. నలభై మూడో పేజీలో అచ్చు అక్షరాల పైన నల్ల సిరాతో మైదాకు అని తెలుగులో కనపడుతుంది. దస్తూరీ వంకరగా ఉంటుంది. పేరు మాత్రం సరిగ్గా ఉంది, రాసే ముందు ఆమెను అడిగే రాశాను.